ముక్కుపొడి రంగు పోగు

నాకు అక్షరాల కన్నా ముందు రంగులు వచ్చు. కాలవగట్ల వెంట టెలిఫోన్ కేబుళ్ల కోసం గోతులు తవ్వే కూలీగా చేరిన రోజుల్లో నాకు సంతకం రాదు. కానీ కేబులు కోసి ముందు పెడితే ఏ తీగ ఏ తీగకి జతో చెప్పేవాణ్ణి. ఆ నేర్పు చూసే జాయింట్ల పనిలోకి తీసుకున్నారు. అక్షరాలు నలభై ఏళ్లు దాటాక, పేటలో పెట్టిన వయోజనుల బడిలో నేర్చుకున్నాను. అప్పటిదాకా చదువు వచ్చినట్టు నటించాను. బస్టాండులో బోర్డు చూడకుండా పక్కవాడు ఎటు కదులుతాడో చూసేవాణ్ణి. ఎవరైనా కాగితం ఇస్తే "కళ్లజోడు తేలేదండీ" అనేవాణ్ణి. నాకు అసలు కళ్లజోడే లేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నటించేవాణ్ణి నేను పట్టేస్తాను. అలా పట్టేసిన ఒక మనిషి గురించే ఇది.

రాగితీగల కాలం అయిపోయింది. వెంట్రుక కన్నా సన్నటి గాజుపోగుల్లో వెలుగు పంపే ఫైబర్ కేబుళ్లు వచ్చాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ప్రైవేటు కంపెనీలు ఊరూరికీ ఫైబర్ లాగుతూ ఇంజనీర్ల కోసం వెతుకుతున్నాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర టైర్ల షాపు పైన ఒక శిక్షణ కేంద్రం వెలిసింది. జాయింట్లు నేర్పడానికి నన్ను పెట్టుకున్నారు. పిల్లలంతా ఇంజనీరింగు పాసైనవాళ్లు. నన్ను మేస్త్రిగారూ అనేవాళ్లు కొందరు, సార్ అనేవాళ్లు కొందరు.

యంత్రాల గది ఒక మేడమ్‌ది. అందులో అల్మారాల్లాంటి చట్రాలు, వాటిలో రూటర్లు. ఒక్కో రూటరుకి ఒక్కో ఊరి పేరు రాసి చీటీ అంటించేది. విజయవాడ, ఏలూరు, గుడివాడ, బందరు, గుంటూరు. అన్ని ఊళ్ల ఫోన్లూ, బ్యాంకులూ, ఇంటర్నెట్టూ కలిసి పరిగెత్తే పెద్ద దారి ఎలా కట్టాలో అక్కడ నేర్పేది. ఊళ్లన్నీ గుండ్రంగా కలపాలి, ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి తిరిగి రావాలి. ఆవిడకో అలవాటుండేది. టీ తాగుతూ, మాట్లాడుతూనే, చెప్పాపెట్టకుండా ఒక కేబులు పీకేసేది.

"బందరు చచ్చిందా, బతికిందా?"

అందరూ తెరల మీదకి వంగేవాళ్లు. ఒక్కడు మాత్రం తెర చూడకుండానే చెప్పేవాడు. "బతికింది మేడమ్. గుడివాడ మీంచి తిరిగొస్తోంది."

ఆ అబ్బాయిది వన్ టౌను. తండ్రికి అక్కడ జాకెట్టు ముక్కల కొట్టు. ఆడవాళ్లు చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే ముక్క తీసివ్వడమే వ్యాపారం. ఒకరోజు అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. "మా నాన్న నన్ను కొట్టు మెట్లెక్కనివ్వడు సార్. ఆకుపచ్చ అడిగినావిడకి ముక్కుపొడి రంగు ముక్క కోసిచ్చాను. చదువుకున్న పొగరు అన్నాడు. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ అదే కొట్టు, అవే తిట్లు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి నాకు తట్టలేదు.

నా బల్ల మీద పని వేరు. కేబులు తొక్క ఒలిస్తే లోపల గొట్టం, గొట్టంలో జెల్లీ, జెల్లీలో పన్నెండు పోగులు, ఒక్కోటి ఒక్కో రంగు. జెల్లీ తుడిచి, కొసలు నున్నగా కోసి, ఈ కేబులు నీలాన్ని ఆ కేబులు నీలంతో, పసుపుని పసుపుతో మెషీన్లో పెట్టి అతికించాలి. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టేవాణ్ణి. ఈ అబ్బాయి ఎప్పుడూ పక్కవాడితో "నువ్వు తియ్యి, నేను తుడుస్తా" అనేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నారంతా. పక్కవాడి చెయ్యి కదిలేదాకా ఇతని చెయ్యి కదిలేది కాదు. నాకు బస్టాండు గుర్తొచ్చింది.

చివరి పరీక్ష ఎవరికి వాళ్లే చెయ్యాలి. అతని చెయ్యి మహా శుభ్రం. మెషీను తెర మీద ఒక్క జాయింటుకీ వంక లేదు. ఈ కొసన వెలుగు వేస్తే ఆ కొసకి తగ్గకుండా వచ్చింది. నేను కళ్లు దగ్గర పెట్టి చూశాను. ఆకుపచ్చ పోగు ముక్కుపొడి రంగు దానికి అతికి ఉంది, ముక్కుపొడి రంగుది ఆకుపచ్చకి. గుడివాడ వెళ్లాల్సిన వెలుగు ఏలూరు వెళ్తుందన్నమాట, చక్కగా, తగ్గకుండా.

మెట్ల దగ్గరికి పిలిచాను. కింద ఒక లారీ ఆగి ఉంది.

"ఆ టార్పాలిన్ ఏం రంగు?"

"మీరే చెప్పండి సార్."

"నేను నిన్ను అడుగుతున్నా."

లారీ వైపు కాక నా మొహం వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పుట్టినప్పట్నించీ ఇంతే సార్. కొన్ని రంగులు నాకు ఒకేలా ఉంటాయి."

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదండీ. పొగరనుకుంటున్నాడు, అదే అనుకోనివ్వండి. పొగరైతే ఎప్పటికైనా దిగుతుందని ఆశ ఉంటుంది ఆయనకి. దయచేసి చెప్పకండి సార్."

సరేనన్నాను. ఇంకో మాట కూడా అడిగాడు. "నేను రూటర్ల గదిలో కూర్చునే పని చేస్తాను కదా సార్, జాయింట్లతో నాకేం పని?" అది నిజమే. కానీ మా పిల్లల్ని తీసుకునే కంపెనీ కొత్తవాళ్లని ముందు బయట పనికే పంపేది. కాలవగట్ల మీద, ఒక్కో దారికి ఒక్కడు, జాయింటు పెట్టెలన్నీ వాడి చేతిలోనే.

మేడమ్ నాతో పోట్లాడింది. "నా బ్యాచ్‌లో మొదటివాడండీ మేస్త్రిగారూ! రెండు పోగులు మారితే ఫెయిలా?"

"మారినందుక్కాదమ్మా. మారినట్టు వాడికి తెలీదు. గట్టు మీద ఒక్కడే కూర్చుని ఇలాగే కలిపి, బ్రహ్మాండంగా ఉందని పెట్టె మూసి, మట్టి కప్పి వచ్చేస్తాడు. చెడింది ఎక్కడో ఎవడు వెతుకుతాడు?"

మనుషుల్ని ఎంచుకోవడానికి వచ్చిన కంపెనీ ఆయన్ని ఇద్దరం అడిగాం, ఇతన్ని నేరుగా రూటర్ల గదికి తీసుకోమని. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ అన్నాడు. "ఒక్కడి కోసం రూలు మారుస్తారేంటండీ? పాసంటే పాసని రాయండి. ఫెయిలంటే ఫెయిలని రాయండి. మీరు రాసిందే నేను చూసేది."

అంటే పాసని రాస్తే పాసే. మేడమ్ నా వైపు చూస్తూ నిలబడింది. నేను ఫెయిలని రాశాను. ముదిరాక వచ్చిన అక్షరాలు, ఏదైనా నెమ్మదిగానే రాస్తాను. అదీ నెమ్మదిగానే రాశాను.

తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టినా అదే రాస్తాను. సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని ఎవరన్నారో గానీ, వాళ్లు ఎవర్నీ ఫెయిల్ చేసి ఉండరు.

తర్వాత తండ్రి వచ్చాడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా, మెట్లెక్కి ఆయాసం. "మావాడు చదువులో ఎప్పుడూ ముందేనండీ. పోగులు అతికించడం కూడా రాలేదా? ఏం లోపమో కాస్త చెప్పండి."

మాటిచ్చి ఉన్నాను. "లోపమేం లేదు సాయిబుగారూ. కుదురు లేదు."

"పొగరేనంటారా?"

"పొగరేనండీ."

ఆయన తల ఊపాడు. "నాకు తెలుసు. కొట్లో చూశాగా. దించుతాలెండి." వచ్చినప్పటికన్నా కాస్త నిటారుగా మెట్లు దిగి వెళ్లాడు.

ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లంతా డెల్టా నిండా తిరిగారు. కొన్నాళ్లకి కంపెనీలు ఒకదాన్నొకటి మింగాయి. కొత్తవాళ్లని తీసుకోవడం మానేశాయి. శిక్షణ కేంద్రం మూసేశారు. టైర్ల షాపు వాళ్లు పైగదిని కూడా టైర్లతో నింపుకున్నారు.

చాలా ఏళ్లకి మా ఆవిడ ముదురు ఆకుపచ్చ చీరకి జాకెట్టు ముక్క కావాలంటే వన్ టౌన్ వెళ్లాం. ఏ కొట్టో నాకు తెలీదు, ఆవిడే ఒకదాంట్లోకి దారితీసింది. లోపల పెద్దాయన లేడు. ఇతనున్నాడు, కాస్త బట్టతల వచ్చింది. అరలన్నిటికీ రంగుల పేర్లు రాసి చీటీలు అంటించి ఉన్నాయి, మేడమ్ గదిలో ఊళ్ల పేర్లు అంటించినట్టే. అయితే బేరానికి వచ్చినవాళ్లు ముక్క చూసి మళ్లీ అదే అరలో పెడతారా?

ముదురు ఆకుపచ్చ అని ఉన్న అరలోంచి ఒక ముక్క తీశాడు. చీర మీద పరిచాడు. ముక్క వైపు చూడలేదు, మా ఆవిడ మొహం వైపు చూశాడు.

"ఇదేంటి బాబూ, ముక్కుపొడి రంగు తీశావు?"

"లైటు సరిగ్గా లేదమ్మా" అన్నాడు.

అప్పుడు నన్ను చూశాడు. నమస్కారం పెట్టాడు. ఉద్యోగం సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కింది అరలో ఆకుపచ్చ ముక్క కనబడితే తీసి బల్ల మీద పెట్టాను. కొలిచి, వంకర లేకుండా కోసి, పొట్లం కట్టిచ్చాడు. చెయ్యి ఇంకా అంతే శుభ్రం.

రిక్షా ఎక్కాక మా ఆవిడ సణిగింది. "నెత్తి మీద అన్ని ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే లైటు లేదంటాడేంటి? ఎంత పొగరు!"

"పొగరే" అన్నాను.