హీరోనిమ్ వదిలిన తుంగ కుచ్చు

బ్యేబ్జా నది చిత్తడిలో యాభై ఏళ్లుగా తుంగ కోసిన హీరోనిమ్, ఆ మధ్యాహ్నం కోసిన తుంగనే చంకనెత్తుకుని వెనక్కి మోస్తున్నాడు. పిచ్చేమీ పట్టలేదు పాపం! చేసిన పొరపాటు అలాంటిది.

ఆగస్టు నడిమి మరియమ్మ పండుగ దాటింది, ఇక పిట్టల గూళ్లుండవన్న ధీమాతో పొద్దున్నే కోతకు దిగాడు. తీరా చూస్తే కొడవలి ముందే తుంగపిట్ట గూడు, అందులో నోళ్లు తెరిచిన నాలుగు పిల్లలు! చలికాలం ఆఫ్రికాకు పోయే ఈ పిట్టకు లోకంలో ఇలాంటి చిత్తడులు ఎన్నో మిగల్లేదు. మగది పాట పాడి తప్పుకుంటుంది. సాకేది తల్లి ఒక్కతే.

రై ధాన్యం కోతల్లో చివరి గుప్పెడు కంకులు కోయకుండా, పూలు చుట్టి, కింద రొట్టెముక్క పెట్టి వదిలేది హీరోనిమ్ వాళ్ల నానమ్మ. ఆ గుప్పెడు కంకుల్నే 'కౌజుపిట్ట' అనేవారు. హీరోనిమ్ అదే మర్యాద చేశాడు. గూడు చుట్టూ చాపంత కుచ్చు వదిలి, మిగతాదంతా నున్నగా కోసేశాడు. పైగా మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం ఎంతసేపు? కోతవాడి వెనకే కప్పల కోసం తిరిగే కొంగలు, ఆ బోడి నేలలో మిగిలిన ఒక్క కుచ్చు కేసి నడిచాయి. ఆయన కొడవలి పడేసి, కోసిన తుంగను చంకనెత్తుకున్నాడు.

పక్క మడి ఫ్లోరియన్ పగలబడి నవ్వాడు. "ఏరా, కోసింది మళ్లీ నాటుతున్నావా?"

"నోరు మూసుకుని ఆ కొంగల్ని తరమరా! పిల్లలు రేపో మాపో గూడు దిగుతాయి. ఇంకా కోయని నీ మడి దాకా చాటు వేస్తున్నా."

"వానొస్తే కోసిన తుంగంతా కుళ్లిపోతుంది కదరా!"

"కుళ్లనీ!"

నలభై అడుగుల దూరం. అంతా తుంగ పరిచాడు. పొద్దుగూకేదాకా గెడ పట్టుకుని కాపలా కాశాడు.

మర్నాడు తెల్లవారి వచ్చేసరికి గూడు ఖాళీ. పక్కనే రెండు కొంగలు. హీరోనిమ్ అక్కడే కూలబడ్డాడు.

అంతలో ఫ్లోరియన్ మడిలోంచి టక్, టక్‌మని తల్లిపిట్ట అరుపు. పచ్చపురుగును ముక్కున కరుచుకుని తుంగలోకి దూరింది. ఒక్క పిల్లైనా బతికుందన్నమాట! అదే మడి చివర ఫ్లోరియన్ కొడవలికి సాన పెడుతున్నాడు.

బురదలో బూటు ఒకటి ఊడిపోయినా హీరోనిమ్ ఆగకుండా పరిగెత్తాడు. "ఆపరా! అవి నీ తుంగలో ఉన్నాయి!"

"ఎన్ని?"

"ఏమో, ఒకటైనా ఉంది."

"సరే ఏడవకు, కుచ్చు వదిలేస్తాలే."

"కుచ్చు వద్దురా నాయనా!" హీరోనిమ్ కొడవలికి అడ్డంగా నిలబడ్డాడు. "మొత్తం వదిలెయ్."

ఫ్లోరియన్ మబ్బుల కేసి చూశాడు, హీరోనిమ్ బూటులేని మట్టికాలి కేసి చూశాడు. తిట్టుకుంటూ సానరాయి తిత్తిలో పెట్టేశాడు.