ప్రతి ఏడూ పాసైన వ్యాను

నా వ్యానును ఎవరూ ఏనాడూ పరీక్ష చేయలేదు. ప్రతి ఏడూ పాసు చేశారు. నాకు జరిగిన అన్యాయం ఇదే.

ఈ మాట చెబితే నవ్వుతారు. "ఫెయిలైతే ఏడవాలి గానీ పాసైతే ఏడుపేంటండీ?" అంటారు. నవ్వేవాళ్లు వ్యాను నడపలేదు. వెనకాల మనుషుల్ని కూర్చోబెట్టుకుని, కాళ్ల కింద ఉన్న ఇనుము ఏ క్షణాన విడిపోతుందోనని చెవులు రిక్కించుకుని కాలవగట్టు మీద ఏళ్ల తరబడి వెళ్లలేదు. ఇంజను చప్పుడులో ఇంకో చప్పుడు కోసం వెతికే చెవులు నావి. ఇప్పటికీ ఆటో ఎక్కితే వెతుకుతాయి.

తొంభైల మధ్యలో సంగతి. మా ఆవిడ తమ్ముడు గల్ఫులో ఉండేవాడు. ఇక్కడ ఏదో ఒకటి నడవాలని అతని పట్టుదల. పెట్టుబడి అతనిది, నడిపేది నేను. అంతకుముందు ఒకాయన దగ్గర లారీ తోలేవాణ్ణి కాబట్టి చేతిలో పని ఉంది. పాత వ్యాను ఒకటి చూశాం. ఎఫ్‌.సి. అప్పుడే అయింది. అంటే ఈ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్కారువాళ్లు ఏడాదికోసారి చూసి ఇచ్చే కాగితం. గడువు తేదీ బండి పక్కన తెల్లరంగుతో రాసి ఉంది. రంగు ఇంకా జిగురుగా ఉంది. అమ్మినాయన "కాగితం చూసుకోండి, ఇంక బండి చూడక్కర్లేదండీ" అన్నాడు. అదొక్కటి నిజమే చెప్పాడని తర్వాత తెలిసింది.

మొదటి వానాకాలంలో వాసన బయటపడింది. వాన పడి సీట్లు తడిసేసరికి బండి నిండా రొయ్యల కంపు. ఆరా తీస్తే, నాకు ముందున్నవాళ్లు సీట్లు పీకేసి సముద్రం వైపు చెరువుల నుంచి రొయ్యలు మోశారట. ఐసు కరిగిన ఉప్పునీరు ఏళ్ల తరబడి కిందికి కారింది. అమ్మే ముందు సీట్లు బిగించారు, కింద నల్లరంగు కొట్టారు. ఓ రోజు కమాను పట్టీ మార్చడానికి బండి కింద పడుకున్నాను. ఛాసీ మీద రంగు పొక్కిన చోట స్క్రూడ్రైవరుతో గీకాను. గీకడమేమిటి, స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. ముగ్గిన పనసపండులోకి దిగినట్టు దిగింది. బండికి వెన్నెముక ఛాసీయే. మిగతావన్నీ దాని మీద కూర్చునేవే.

నేను బడిలో చదివింది తక్కువ. తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాలూ, పాత పేపర్లూ, ఎవరో పారేసిన పుస్తకాలూ. అలా చదివినవాడికి అచ్చులో ఉన్నదంటే నమ్మకం ఎక్కువ. మోటారు రూల్సు పుస్తకం ఒకటి సంపాదించి చదివాను. బండిని తనిఖీ చేయాలి, లోపముంటే నిరాకరించాలి అని అందులో స్పష్టంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఎఫ్‌.సి.కి తీసుకెళ్తే వాళ్లే చూస్తారు, వాళ్లే ఆపేస్తారు, బావమరిదికి నేను ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాను.

ఏ ఊరి ఆఫీసో రాయను. ఏ ఊరైనా అంతే. పొద్దున్నే మైదానంలో బళ్లు వరసగా నిలబడతాయి. చెట్టు కింద కుర్చీలో బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు. బళ్లు పాసు చేయించిపెట్టే ఏజెంటు అందరికీ తలలో నాలుక. అతని దగ్గర మంచి టైర్లు ఒక సెట్టు ఉండేది. ముందు బండికి ఆ టైర్లు తగిలించి పాసు చేయిస్తారు. అది మైదానం దాటగానే మూలకు తీసుకెళ్లి జాకీ పెట్టి టైర్లు విప్పి, వెనక బండికి తగిలిస్తారు. అరిగిన టైర్లు మళ్లీ ఎవరివి వాళ్లకు. మంటలార్పే ఎర్రడబ్బా కూడా అలాగే వరస పొడుగునా తిరిగేది. కొబ్బరికాయలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకునేవారు. పాత బళ్లలో ఎన్ని నిజంగా పాసయ్యాయని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆ టైర్లు మాత్రం ఏ ఏడూ ఫెయిలు కాలేదు.

ఇక తనిఖీ అంటారా. ఒక మనిషి వచ్చి ఛాసీ మీద చెక్కిన నంబరుపై పల్చని కాగితం వేసి పెన్సిలు రుద్దుతాడు. నంబరు కాగితం మీదికి వస్తుంది. ఇన్‌స్పెక్టరుగారు ఆ కాగితం చూస్తారు. ఛాసీకి తగిలేది ఆ ఒక్క పెన్సిలే. నంబరున్న చోట ఇనుము గట్టిగానే ఉంది. దానికి జానెడు అవతల ఇనుము లేదు, రంగు ఉంది.

మొదటి ఏడు పాసైంది. ఎస్టీడీ బూత్‌లో బావమరిదితో మాట్లాడాను. శుక్రవారం అతనికి సెలవు, ఆ రోజే ఫోను.

"ఎఫ్‌.సి. అయ్యిందాండి బావగారూ?"

"అయ్యింది నాయనా. కానీ కింద ఛాసీ బాగాలేదు. బండి ఆపి మొత్తం మార్పించాలి."

"పాసైందంటున్నారు, బాగాలేదంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి."

"రెండూ నిజమే."

"రెండూ ఎలా నిజమవుతాయండీ? చూసే ఆఫీసరుగారే బావుందంటే మీరు కాదంటారేంటి? నడపడం మీకు బరువైతే మొగమాటం లేకుండా చెప్పండి. మన ఊళ్లో జీపు తోలే కుర్రాడు ఎప్పటినుంచో అడుగుతున్నాడు."

ఆ జీపు తోలేవాడి సంగతి నాకు తెలుసు. టాపు మీద కూడా జనాన్ని ఎక్కించి, తూముల మీద ఎగరేసుకుంటూ పోయేవాడు. నేను దిగిపోతే వాడు ఎక్కుతాడు. ఇక దిగడమెలా? ఇంటికొస్తే మా ఆవిడ, "వాడు అక్కడ ఎండలో మాడిపోతూ సంపాదించింది మీరు మూల పెడతానంటే ఎలాగండీ, సర్కారోళ్లకి లేని బెంగ మీకెందుకూ?" అనేది. నేను బండి కింద పడుకుని చూశాను, ఆవిడ కాగితం చూసింది. ఇంట్లో కాగితమే గెలిచింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ తాళంచెవి తిప్పాను.

మా ట్రిప్పులన్నీ లంక ఊళ్ల నుంచి పలివెల మీదుగా కొత్తపేటకి. ఎక్కేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. అరటి గెలలు, ఆకుకూరలు, కరివేపాకు గంపలు. గంపలు టాపు మీద వేయడం మానేశాను, బరువని. లాకుల దగ్గర ఎత్తు వస్తే అందర్నీ దింపి, ఖాళీ బండి ఎక్కించి, అవతల మళ్లీ ఎక్కించుకునేవాణ్ణి. వాళ్లు నన్ను ఆడిపోసుకునేవారు. ఆకుకూరలమ్మే ఒక అక్క ఎప్పుడూ వెనక చివరి సీటులో కూర్చునేది. ఆవిడ మాటలకి మిగతావాళ్లంతా నవ్వేవాళ్లు.

"ఏవండోయ్ డ్రైవరుగారూ, నడిచెళ్లడానికైతే మా కాళ్లు మాకున్నాయి. మీ బండెందుకెక్కినట్టో?"

"బండికి ఒంట్లో బాగోలేదక్కా."

"బాగోపోతే దాని పక్కన రాసిందేటండీ మరి? వచ్చే ఏడు దాకా ఢోకా లేదని రాసుంది గదా. మా మనవరాలు చదివి చెప్పింది."

"రాసినవాళ్లు చూళ్లేదక్కా."

"చూడకుండా ఎవరైనా రాస్తారేటండీ! మీకు బెంగ జాస్తి. ఇంటికెళ్లి దిష్టి తీయించుకోండి."

బండి కూడా నా మాట నిలబెట్టలేదు. ఆ ఏడు గడిచింది. మరుసటి ఏడూ, ఆ పై ఏడూ అంతే. టైర్లు వచ్చాయి, వెళ్లాయి. పెన్సిలు రుద్దారు. పాసు. ప్రతి పాసుతోనూ నా నోరు ఇంకొంచెం మూతపడింది. కొత్త శతాబ్దం వచ్చింది, బావమరిది సెల్‌ఫోను కొన్నాడు. ఇప్పుడు శుక్రవారం దాకా ఆగక్కర్లేకుండా ఎప్పుడైనా సరే "పాసైందిగా, నడపండి" అనగలిగేవాడు.

ఇక లాభం లేదని ఒక ఏడు నిర్ణయించుకున్నాను. ఫెయిలవ్వాలి. ఏజెంటును పిలవలేదు. అరిగిపోయిన నా టైర్లతోనే వెళ్లాను. ముందురోజు ఇంటి దగ్గర వైరు బ్రష్షు పెట్టి ఛాసీ మీద రంగంతా గీకేశాను. కన్నం పడ్డ చోట్ల సుద్దముక్కతో గుండ్రంగా గీతలు గీశాను. గుడ్డివాడికైనా కనిపించాలని.

మైదానంలో వరసలో నిలబెట్టాను. ఇంతలో కిటికీ దగ్గర సంతకానికి పిలిచారు. అక్కడ జనం. నేను తిరిగొచ్చేసరికి నా బండి జాకీ మీద ఉంది. టైర్లు నిగనిగలాడుతున్నాయి. కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తున్నారయ్యా?" అని అరిచాను.

నా వెనక బండి డ్రైవరు, చేతిలో పానాతో, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "ఊరుకోండి గురువుగారూ. ఏజెంటుతో మీకేదో మాట తేడా వచ్చినట్టుంది. అడగడానికి మొగమాటపడ్డారు. మేం లేవేటండీ? నా వంతు కొచ్చిన ఏజెంటు టైర్లే ఏసేం. మీ బండి పాసవగానే ఇప్పి నాకు ఏసుకుంటాం."

కింద ఉన్నవాడు బ్రష్షుతో బయటికొచ్చాడు. "రంగు కూడా కొట్టేసేనండి. ఎవరో ఎదవలు కిందంతా సుద్దతో పిచ్చిగీతలు గీసేరండీ. తుడిచేసేను. ఆయ్."

మా కోనసీమ మర్యాద అది. అడక్కుండానే చేసి పెడతారు, వద్దంటే మొగమాటం అనుకుంటారు. "తీసెయ్యండయ్యా, నాకు వద్దు" అని నేను ఎంత గట్టిగా అంటే వాళ్లు అంత గట్టిగా "పర్లేదండీ, పర్లేదండీ" అన్నారు. నేను ఒక టైరు నట్లు విప్పబోతుంటే నా చేతిలో పానా మెల్లగా లాగేసుకుని టీ గ్లాసు పెట్టారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

ఈలోగా పెన్సిలు మనిషి వచ్చి రుద్దుకుని పోయాడు. నేను కాగితం వెనకాలే పరిగెత్తి ఇన్‌స్పెక్టరుగారి ముందు నిలబడ్డాను.

"అయ్యా, ఒక్కసారి బండి కిందికి చూడండి."

"ఎందుకండీ?"

"ఛాసీ పోయిందండి. పైన రంగే ఉంది. ఫెయిలు చెయ్యండి."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. మంచి మనిషే. గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ల సర్వీసులో పాసు చెయ్యమన్నవాళ్లే గానీ ఫెయిలు చెయ్యమన్న మనిషిని చూళ్లేదండీ. ఇంట్లో ఏవైనా తగువా?"

"తగువు కాదండి, తుప్పు. మనుషులు ఎక్కే బండి."

"పోయినేడు సంతకం ఎవరిదండీ?"

"తమదేనండి."

"అంతకు ముందేడు?"

"అదీ తమదేనండి."

"మరి ఇన్నేళ్లూ బావున్న ఛాసీ ఇవాళ పోయిందని రాస్తే, అన్నేళ్లూ నువ్వేం చూశావయ్యా అని నన్నడగరా?" వెనకాల బళ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. ఆయన సంతకం పెట్టి, కాగితం నా చేతికి కాక ఏజెంటు చేతికి ఇచ్చారు. "పెద్దాయన్ని నీడకి తీసుకెళ్లండి, ఎండ దెబ్బలాగుంది" అన్నారు.

ఒకసారి తప్పు సంతకం పెట్టినవాడు ప్రతి ఏడూ అదే పెట్టాలి. లేకపోతే మొదటిది బయటపడుతుంది. ఆయనా ఆ కాగితంలో ఇరుక్కున్నవాడే. కానీ ఆయన కుర్చీలో కూర్చుని ఇరుక్కున్నాడు. నేను స్టీరింగు ముందు కూర్చుని ఇరుక్కున్నాను.

పై ఆఫీసుకు అర్జీ రాశాను. మర్యాదగానే రాశాను. నా బండిని మళ్లీ పిలిపించండి, రంగు గీకి చూడండి, సుత్తితో కొట్టి చూడండి, పనికిరాదని తేలితే ఆపించండి అని. జవాబు లేదు. రిజిస్టరు పోస్టులో మళ్లీ పంపాను. పోస్టుమాన్ కనిపించినప్పుడల్లా అడిగేవాణ్ణి. అర్జీ వెళ్లింది, బండి తిరుగుతోంది. జవాబు వస్తే బావమరిదికి చదివి వినిపించి ఆ క్షణమే తాళాలు మేకుకు తగిలించాలని ఆశ.

వానలు మొదలైన కొత్తలో, ఓ పొద్దున్న, మెల్లగానే వెళ్తున్నాను. తూము దగ్గర చిన్న గుంత. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు దిగాయి. అప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడు కాదు. తడిసిన తాటాకు చీలినట్టు. బండి నడుం దగ్గర కిందికి కుంగింది. ముందు భాగం ఒక వైపు చూస్తోంది, వెనక భాగం ఇంకో వైపు చూస్తోంది. సీట్లన్నీ వెనక్కి జరిగిపోయి చివరి సీటును నొక్కేశాయి.

ఆకుకూరల అక్క కుడిచెయ్యి సీటు కమ్మీకీ బాడీ రేకుకీ మధ్య పడింది. అమలాపురం తీసుకెళ్లాం. చెయ్యి ఉంది, కానీ మోచెయ్యి వంకరగా అతుక్కుంది. గంప నెత్తికెత్తుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఆవిడ మళ్లీ కొత్తపేట రాలేదు.

చూడడానికి వెళితే ఆవిడే నన్ను ఓదార్చింది. "మీరేం చేస్తారండీ. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయంటగా. నా రాత."

నీ రాత కాదక్కా, వాళ్ల రాత, అనుకున్నాను. పోలీసులు వచ్చి ఎఫ్‌.సి. చూసి, గుంత వల్ల జరిగిందని రాసుకుని పోయారు. బావమరిది ఫోను చేశాడు. "ఎఫ్‌.సి. ఉండబట్టి బతికిపోయాం బావగారూ" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. అతనితో సరిగ్గా మాట్లాడి చాలాకాలమైంది.

బండిని ఎడ్లబండి మీద ఒక ముక్కా, ట్రాక్టరు మీద ఒక ముక్కా తెచ్చి మా దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య పడేశాం. వాన తగిలితే ఇంకా రొయ్యల వాసనే. ఆ రోజుల్లోనే పోస్టుమాన్ గుమ్మం దగ్గర నిలబడి, "మీరడుగుతున్న జవాబు వచ్చిందండీ" అని సంతోషంగా పిలిచాడు. నిలబడే చదివాను.

"తమరు సమర్పించిన అర్జీని పరిశీలించడమైనది. అర్జీలో పేర్కొన్న వాహనమునకు ప్రస్తుత సంవత్సరమునకు గాను సామర్థ్య ధ్రువపత్రము జారీ చేయబడి అమలులో ఉన్నది. సదరు వాహనము రోడ్డుపై నడుచుటకు అన్ని విధముల యోగ్యముగా ఉన్నట్లు రికార్డుల ద్వారా నిర్ధారించుకొనడమైనది. కావున మరల తనిఖీ చేయవలసిన ఆవశ్యకత కానరాలేదు. ధ్రువపత్రము గడువు ముగియులోగా సదరు వాహనమును యథావిధిగా హాజరుపరచవలసినదిగా తెలియజేయడమైనది."