సంతలో కొన్న పశువుల పాక

పర్సిస్ నాకు మొత్తం ఏడు బుట్టలిచ్చింది. ఏడూ మా గరాజ్‌లో ఒకదాంట్లో ఒకటి దూరి, పాత లైట్ల డబ్బా కింద పడుండేవి. నన్నొక్కదాన్నే తిట్టుకోకండి. మా తెలుగు చర్చిలో ఆమె చేతి బుట్ట అందుకోని ఇల్లు లేదు. పుట్టినరోజైతే వెదురు బుట్ట, కొత్త ఇల్లు కొంటే లక్క పెట్టె, పురుడొస్తే చేత్తో కుట్టిన గుడ్డ. అందరం "సో బ్యూటిఫుల్" అనేవాళ్ళం, అని గరాజ్‌లో పడేసేవాళ్ళం. అమెరికాలో, డాలస్ పక్కన ఈ ప్లేనోలో గరాజ్‌లు పెద్దవి కదా, ఎన్నయినా పడతాయి.

పర్సిస్‌ది నరసాపురం పక్కన పల్లె. అక్కడ ఆడవాళ్ళు లేసు అల్లుతారు. వాళ్ళమ్మ అరుగుమీద కాళ్ళు చాపుకుని, నలుగురితో కబుర్లాడుతూ, సూది వైపు చూడకుండానే అల్లేదట. పదేళ్ళకల్లా పర్సిస్‌కీ ఆ పని వచ్చేసింది. తరవాత ఎంసీఏ చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసి, 2002లో ప్లేనో వచ్చింది. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళ పనిలో తప్పులు పట్టడమే ఉద్యోగం. మా మధ్య మాత్రం ఒక్కరి తప్పు కూడా ఎత్తిచూపిన మనిషి కాదు.

నలభై నిండినా ఆమెకి పెళ్ళి కాలేదు. ఆ పెళ్ళి మా చర్చికి ఏళ్ళ తరబడి ప్రార్థనాంశం. ప్రార్థించినవాళ్ళెవరూ ఆమెని భోజనానికి పిలిచిన గుర్తు నాకు లేదు. ఇక్కడ మనవాళ్ళ తీరే అంత. ఫ్యామిలీలు ఫ్యామిలీల్ని పిలుచుకుంటాయి. చదువుకునే కుర్రాళ్ళని జాలిపడి పిలుస్తాం. ఒంటరి ఆడమనిషిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో తోచక అసలు పిలవడమే మానేస్తాం. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? మా ఇంటికి ఆమె వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ బుట్ట ఇవ్వడానికే.

వారమంతా ఆమెకి ఆఫీసులో క్యూబికల్, ఇంటికొస్తే అపార్ట్‌మెంట్. ఆదివారం మధ్యాహ్నం చర్చి, అక్కడ కుర్చీలు వేయడం, తీయడం. ఇక మిగిలింది శనివారం. ఆ శనివారాన్ని ఆమె సంతకి ఇచ్చేసింది. పక్కూరు గార్లండ్ వైపు ఒక పాత గోడౌన్‌లో లావోస్, థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు వారం వారం బల్లలు పరిచి అమ్ముకునేవారు. ఒక వైపు ఎండుచేపలు, పుదీనా కట్టలు, పచ్చి బొప్పాయిలు. రెండో వైపు వెదురు బుట్టలు, తాటాకు టోపీలు, నేత లంగాలు, కొండజాతి ఆడవాళ్ళు తమ ఊళ్ళనీ పొలాల్నీ దారంతో బొమ్మలుగా కుట్టిన గుడ్డలు. పర్సిస్ అక్కడికి ఏడేళ్ళు వెళ్ళింది. నేను వెళ్ళింది ఒక్కసారి. ఆ ఒక్కసారే ఆమెకి చాలినంత చేటు చేసి వచ్చాను.

అది 2009 డిసెంబరు. మా పాస్టర్ ప్రేమానందం గారికి ఏం బుద్ధి పుట్టిందో, "ఈసారి పశువుల పాక పర్సిస్ తయారుచేస్తుంది" అన్నారు. బాలయేసు బొమ్మనీ గొర్రెల్నీ పెట్టడానికి ప్రతి ఏడాదీ అట్టపెట్టెతో ఏదో ఒక పాక కట్టేవాళ్ళం. కుర్చీలు వేయడం తప్ప పర్సిస్‌కి చర్చిలో దక్కిన మొదటి పని అదే. అదే వారం క్యారల్స్ లిస్టు రాస్తూ నేను ఆమె అపార్ట్‌మెంట్ పేరు కూడా చేర్చాను. క్యారల్స్ అంటే తెలుసుగా, క్రిస్మస్ ముందు చర్చి వాళ్ళంతా గిటార్లూ డప్పులూ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పాడతారు, ప్రార్థన చేస్తారు, పెట్టింది తింటారు. పెద్ద ఇళ్ళకే వెళ్ళేవాళ్ళం. అపార్ట్‌మెంట్ల దగ్గర పార్కింగ్ ఉండదని వంక. అందువల్ల ఏడేళ్ళలో మావాళ్ళెవరూ పర్సిస్ గుమ్మం తొక్కలేదు.

పర్సిస్‌కి ఫోన్‌లో చెబితే, "నిజంగానా లూసక్కా? పిల్లలతో సహానా?" అంది.

"అందరం. ముప్ఫై మంది. పందొమ్మిదో తారీకు శనివారం, ఐదూ నలభైకి. ఏదైనా సింపుల్‌గా పెట్టు చాలు."

"సింపుల్ ఏంటక్కా! మా ఇంటికి క్యారల్స్ వస్తుంటే!"

ఆ ఆనందంలోనే నన్ను సంతకి రమ్మంది. పాక సరుకు ఇద్దరం కలిసి చూద్దామని. సరేనని నేనే డ్రైవ్ చేశాను.

అక్కడ పర్సిస్‌ని చూసి ఆశ్చర్యపోయాను. చర్చిలో గోడకి ఆనుకుని నిలబడే మనిషి, అక్కడ బల్లల మధ్య సొంత వీధిలో తిరిగినట్టు తిరుగుతోంది. ఏ బుట్ట ముట్టుకున్నా బోర్లా తిప్పి అడుగు చూస్తుంది. "ముందు వైపు అందరూ బాగానే చేస్తారక్కా. ముడి ఎక్కడ వేశారో చూడాలి" అంటుంది. వేళ్ళతో బేరమాడుతుంది. చివర్న లావోస్ మామ్మ ఒకావిడ, చిన్న పీట మీద కూర్చుని బుట్టలు అమ్ముతోంది. పర్సిస్‌ని చూడగానే అడిగిన మొదటి మాట, "ఈట్ ఆల్రెడీ?"

"లేదు మామ్మా" అంది పర్సిస్ తెలుగులోనే. ఆవిడ ఆకులో చుట్టిన జిగురన్నం తీసి చేతిలో పెట్టి, సన్నగా ఉన్నావని జబ్బ పట్టుకుని గిల్లింది. పర్సిస్ పకపకా నవ్వింది. తిన్నావా అని ఆమెని అడిగే మనిషి ఈ డాలస్ చుట్టుపక్కల ఈవిడొక్కతే కాబోలని నాకప్పుడే తట్టింది. తట్టి ఊరుకుంది.

ఆ బల్ల వెనక అరమీద కనిపించింది ఆ చిన్న ఇల్లు. మోకాలెత్తు ఉంటుంది. టేకు రంగు చెక్క, నిటారు కప్పు, అంచులకి బంగారు పూత, ముందు చిన్న వరండా.

"అదిగో పాక! బొమ్మలు కరెక్ట్‌గా సరిపోతాయి" అన్నాను.

మామ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అవుట్‌సైడ్," అంది. చెయ్యి తలకంటే పైకెత్తి, "హై, హై. వాటర్. ఫ్లవర్."

"పిట్టగూడు అయుంటుందే. బయట ఎత్తులో పెట్టి నీళ్ళు పెట్టమంటోంది" అన్నాను నేను, అన్నీ తెలిసినదాన్లా.

"పిట్టగూటికి బంగారు పూతెందుకక్కా?"

"వాళ్ళ పిట్టలు రిచ్ పిట్టలు."

పర్సిస్ నవ్వలేదు. "మామ్మ ఇంకా ఏదో చెప్పాలని చూస్తోంది. ఆగండి, నిదానంగా అడుగుతాను" అంది.

"మా పిల్లకి డ్యాన్స్ క్లాస్ ఉంది తల్లీ, తొందరగా తేల్చు" అన్నాను. ఆమె తేల్చేసింది. మామ్మ ఆ ఇంటిని మెత్తటి గుడ్డతో తుడిచి, చేతులు జోడించి, తల వంచి అందించింది. బోణీ బేరం, కళ్ళకద్దుకుంటోంది అనుకున్నాను. మన బుర్రకి అంతకంటే ఏం తోస్తుంది!

పదమూడో తారీకు ఆదివారం, ఆ పాకలో బాలయేసుని పడుకోబెట్టాం. పర్సిస్ తను అల్లిన లేసు ముక్క కింద పరిచింది. పిల్లలు చుట్టూ మూగారు. పాస్టర్ గారు "వెరీ నైస్ అమ్మా" అన్నారు. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు టీ టైమ్ దాకా ఉంది.

టీ దగ్గర బ్రదర్ వినయ్ కుమార్ వచ్చాడు. ఒక ప్రాజెక్టు మీద ఆర్నెల్లు బ్యాంకాక్‌లో ఉండొచ్చిన మనిషి. పాక చూసి కప్పు కింద పెట్టేశాడు. "పాస్టర్ గారూ, ఇదేంటో తెలుసా? స్పిరిట్ హౌస్. అక్కడ ప్రతి హోటల్ ముందూ ఉంటుంది. స్థలాన్ని కాచే ఆత్మలు దీంట్లో ఉంటాయని అగరొత్తులు వెలిగించి మొక్కుతారు. మనం బాలయేసుని తీసుకెళ్ళి దీంట్లో పెట్టాం."

పాస్టర్ గారు మంచి మనిషే, గొంతు పెంచలేదు. "ఎక్కడ కొన్నావమ్మా?" అన్నారు.

పర్సిస్ ఒక్క క్షణం నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా టీ కప్పులు వరసగా సర్దుతున్నాను.

"సంతలోనండి. నేనే ఎంచాను. నాకు తెలీదండి" అంది.

బాలయేసు మళ్ళీ అట్టపెట్టెలోకి వెళ్ళాడు. పర్సిస్ ఆ ఇంటిని కోటులో చుట్టి, ఒక్కతే కారు దాకా మోసుకెళ్ళింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కనీసం ఎవరో ఒకరు ఓదార్చేవాళ్ళు.

బుధవారం కాన్ఫరెన్స్ కాల్ ప్రార్థనలో, మన ఇళ్ళలోకి అన్యమైనవి రాకుండా కాపాడమని ఒకరి తరవాత ఒకరు ప్రార్థించారు. పేరు ఎత్తలేదు. పర్సిస్ కూడా లైన్‌లో ఉంది. చివర్న అందరితోపాటు ఆమెన్ అంది, విన్నాను. కాల్ అయ్యాక వినయ్ కుమార్ నాకు ఫోన్ చేశాడు. "సిస్టర్, ఆవిడ ఇంటినిండా ఇంకేమేం కొనిపెట్టిందో మనకి తెలీదు. పిల్లల్ని తీసుకెళ్ళడం సేఫ్ కాదు. మీరే ఆలోచించండి."

ఆలోచించడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎంచింది నేనని చెబితే సరిపోయేది. చెప్పకుండా లిస్టు తెరిచి ఆమె లైను తీసేశాను. కింది పేర్లు చక్కగా పైకి జరిగాయి. కొత్త లిస్టు, లిస్టులో ఉన్నవాళ్ళకి మాత్రమే పంపాను. పర్సిస్‌కి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. రేపు, రేపు అనుకుంటూ శనివారం వచ్చేసింది.

ఆరోజు మధ్యాహ్నం మూడింటి నుంచి తొమ్మిది ఇళ్ళు తిరిగాం. గారెలు తిన్నాం, కేకులు తిన్నాం. ఏడింటికి ఆఖరి ఇంట్లో హ్యాండ్‌బ్యాగ్ తెరిస్తే ఫోన్‌లో మూడు వాయిస్ మెసేజీలు. మూడూ పర్సిస్‌వే.

"అక్కా, గేట్ కోడ్ మారింది. స్టార్ టూ ఫోర్ జీరో సెవెన్. మీకు తెలీక బయట ఉండిపోయారేమోనని."

"అక్కా, లీజింగ్ ఆఫీస్ వాళ్ళని అడిగాను. విజిటర్ పార్కింగ్ ఫుల్ అయితే పూల్ పక్కన పెట్టుకోవచ్చన్నారు."

మూడోదాంట్లో గొంతు తగ్గిపోయింది. "లేటైనా పర్లేదక్కా. నేను ఇంట్లోనే ఉన్నాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరికీ చెప్పకుండా కారెక్కాను.

తలుపు కొట్టగానే తెరిచింది. పట్టుచీర కట్టుకుంది. వెనక గదిలో గోడ వారగా కుర్చీలు, నేలమీద జంపఖానా, బల్లమీద మూత పెట్టిన గిన్నెలు. ఆమె నా మొహం చూడలేదు, నా భుజం మీంచి పార్కింగ్ వైపు చూసింది.

"మిగతావాళ్ళు కార్లు పెడుతున్నారా అక్కా?"

"ఎవరూ రాలేదు పర్సిస్. నేనే. ఆ ఇల్లు ఎంచింది నేను. నోరు విప్పలేదు. లిస్టులోంచి నీ పేరు తీసేసిందీ నేనే."

"మొదటిది నాకు తెలుసు కదక్కా, పక్కనే ఉన్నాను" అంది పర్సిస్. "రెండోది ఇప్పుడే తెలిసింది."

లోపలికి అడుగు వేయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అలా కాదక్కా. మా ఊళ్ళో క్యారల్స్ వస్తే తలుపులు మూసుకుని లోపల కూర్చుంటాం. పాటంతా విన్నాకే తీస్తాం. నేను వేసుకుంటాను. మీరు పాడండి."

"నేనొక్కదాన్నేనా? నాకు పాడటం రాదే తల్లీ."

"మీరే కదక్కా వచ్చారు."

తలుపు మూసింది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

గుంపులో చప్పట్లు కొడుతూ పెదవులు కదిపే రకాన్ని నేను. ఆ సిమెంటు వరండాలో, చలిలో, ఒంటరిగా మొదలుపెట్టాను. శ్రుతి లేదు, తాళం లేదు. రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడాను. ఎదురింటి అమెరికన్ కుర్రాడు తలుపు సందులోంచి చూసి వేసేసుకున్నాడు. గొంతు వణుకుతూనే పాట చివరిదాకా లాక్కొచ్చాను. ఆగాను.

లోపల్నుంచి అలికిడి లేదు. తలుపు తెరుచుకోలేదు.

ఇంకో పాట ఎత్తుకున్నాను.