బోరు పైపుకు కట్టిన ఆకుపచ్చ తీగ

2003 వేసవి. పెదపాడు దగ్గర ఒక డాబా ఇల్లు. వంటగదిలో ఉన్నవి: ఫ్రిజ్, తడి గచ్చు, మూడు రంధ్రాల సాకెట్. ఉన్నవారు: ఏసురత్నం మాస్టారు, ఆయన భార్య సువార్తమ్మ గారు, ఏలూరు రిపేరు షాపు నుంచి వెళ్లిన నేను. డిప్లొమా పూర్తిచేసి అప్పటికి ఏడాది.

“తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోందండీ,” అన్నారామె.

“పాతికేళ్లుగా ఈవిడంటే నాకు భయం బాబూ. ఈవిణ్ణి భయపెట్టేది ఇన్నాళ్లకి దొరికింది,” అన్నారు మాస్టారు.

“మీరూరుకోండి. నవ్వులాటగా ఉందా?”

టెస్టర్ ఆనిస్తే ఫ్రిజ్ రేకు మీద వెలిగింది. సాకెట్ విప్పాను. పై రంధ్రం వెనక తీగే లేదు. అక్కడ ఉండాల్సింది ఎర్త్. లోపల కరెంటు లీకై రేకుకు తగిలితే, అది మనిషిలోంచి కాకుండా నేలలోకి పోయే దారి. పద్ధతి ప్రకారం పెరట్లో గొయ్యి తీసి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చాలి. అదొక పూట పని. మా వైపు అందరూ చేసేది వేరు. బోరు పైపు ఇనపది, నేలలోకి లోతుగా దిగి ఉంటుంది, దానికే కట్టేస్తారు. నేనూ ఆకుపచ్చ తీగ లాగి పైపుకు క్లాంపు బిగించాను. టెస్టర్ మళ్లీ వెలగలేదు. నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకున్నాను.

“ఈ తీగ మాత్రం ఎవర్నీ తియ్యనివ్వకండమ్మా,” అని చెప్పి వచ్చేశాను. ఎందుకో చెప్పలేదు.

చేపల చెరువులు పెరిగాక అక్కడి బోరు నీళ్లు ఉప్పనయ్యాయి. ఇనప పైపులు తుప్పుపట్టిపోయేవి. రెండేళ్లకు మాస్టారూ పైపు మార్పించారు. ఆ వానాకాలంలో ఒక ఉదయం పాలగిన్నె కోసం తడికాళ్లతో ఫ్రిజ్ తలుపు పట్టుకున్నారు. కంప్రెసర్ దగ్గర తీగ తొడుగు ఒలిచిపోయి రేకుకు ఆనుకుని ఉంది. ఆసుపత్రికి చేరేలోపే ఆయన పోయారు.

వారం తర్వాత వెళ్లాను. సువార్తమ్మ గారు నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు.

“మీరు చెప్పినట్టే తీగ తియ్యనివ్వలేదు బాబూ. పైపు మార్చినతను పారేస్తానన్నాడు. మాస్టారే దగ్గరుండి మళ్లీ కట్టించారు. వదులైందేమో చూడండి.”

క్లాంపు గట్టిగానే ఉంది. కొత్త పైపు ప్లాస్టిక్‌ది.

“ప్లాస్టిక్‌లోంచి కరెంటు నేలలోకి పోదమ్మా,” అన్నాను.

ఆమె వంగి ఆ పైపును వేలితో తట్టి చూశారు. “ఆ ముక్క అప్పుడే అనుంటే ఆయనకి తెలిసేదండీ. బళ్లో సైన్సు చెప్పేది ఆయనే కదా.”

నేను చెప్పినట్టే వాళ్లు ఆ తీగను కాపాడారు. నేను చెప్పకుండా వదిలేసింది ఒక్క వాక్యం. అప్పటినుంచి ఆ వాక్యం చెప్పి, ఇంటివాళ్ల చేత తిరిగి చెప్పించుకున్నాకే పనిముట్ల పెట్టె సర్దుతున్నాను.

మర్నాటి నుంచి నోటుబుక్కు పట్టుకుని, నేను పైపుకు ఎర్త్ కట్టిన ఇళ్లన్నీ తిరిగాను. మాస్టారిల్లు కాక పందొమ్మిది. ప్లాస్టిక్ పైపుకు నా క్లాంపు బిగించి ఉన్నవి ఏడు.