పెద్దమ్మ మెలివేసిన తాడు

పెద్దమ్మ పోయిందన్న కబురు మైకాయన తెచ్చాడు. నల్లగొండ నుంచి రెండు బస్సులు మారి, మహబూబ్‌నగర్‌లో మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చి, నా బల్ల ముందు నిలబడి కాసేపు ఫైళ్లవైపే చూశాడు. లౌడ్‌స్పీకర్లు కిరాయికిచ్చే మనిషి, ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

"పెద్దమ్మ పోయింది బిడ్డా. మొన్న పొద్దుగాల. రాట్నం ముందట కూసున్నదే, గట్లనే గోడకు ఒరిగింది."

నేను ఇచ్చిన నీళ్లు తాగి ఇంకో మాట చెప్పాడు. "పదోనాటికి వచ్చేటప్పుడు గిటారు తెమ్మన్నడు పెద్దబాపు."

చావింటికి గిటారెందుకో నాకు అర్థం కాలేదు. మైకాయనకూ తెలియదట. ఆ సంగతి చివర చెబుతాను. ముందు మీకు పెద్దమ్మ ఎవరో తెలియాలి.

ఆమె నాకు చుట్టం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లగొండలో వాళ్లింట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. ముందర్రలో మగ్గం మీద ఆమె భర్త పెద్దబాపు నేసేవాడు. ఆ పక్కనే పెద్దమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్ట. బిడ్డలిద్దరూ పెళ్లిళ్లయి వెళ్లిపోయారు కాబట్టి ఇంట్లో మాట్లాడటానికి నేను దొరికాను. మాట్లాడటమంటే అడగటమే. నేను దిగిన మొదటివారమే, గోడకున్న కరెంటు మీటరులో చక్రం ఎప్పుడూ ఒకే దిక్కు ఎందుకు తిరుగుతుందని అడిగింది. నాకు తెలియదన్నాను.

"ఇంత చదివినవు, ఎన్నడు చూడలేదా?"

అందులో ఎగతాళి లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత ఓదార్పుగా, "తెల్వదంటే తప్పు లేదు బిడ్డా. చూడకుండ తెల్వదంటే తప్పు" అంది. ఆ మాటతో నన్ను ఏడేళ్లు పొడిచింది.

నా దగ్గరొక గిటారు ఉండేది. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మేచోట కొన్నది. ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు ముక్క జార్చుతూ వాయించే రకం. మైకాయన పెళ్లిళ్లకు ఒక పాటల పార్టీ నడిపేవాడు. అందులో హార్మోనియం, డోలకు, పాటకు మన పెద్దబాపు. నన్నూ చేర్చుకుంటానన్నాడు గాని గిటారు సప్పుడు డోలకు ముందు ఆనేది కాదు. తీగల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ వేల చుట్లు చుడితే, ఆ సప్పుడు మైకుపెట్టెలోకి పోతుందని మైకాయన చెప్పాడు. దాన్ని పికప్ అంటారట. చెడిపోయిన స్పీకరు అయస్కాంతం, రాగి తీగ ఆయనే ఇచ్చాడు. తాను చుట్టబోతే మాత్రం తీగ ముప్ఫైసార్లు తెగింది.

"గది కండెనే గదా" అని పెద్దమ్మ అందుకుంది. ఆ అయస్కాంతాన్ని రాట్నం కదురుకు బిగించి, వేళ్ల మధ్య తీగ జారిపోనిస్తూ, నూరు చుట్లకొక చింతగింజ పక్కన పెడుతూ రెండు రోజుల్లో చుట్టేసింది. ఒక్కసారి కూడా తెగలేదు. వానలు పడుతున్న రోజులవి. గిటారు పెళ్లి పందిట్లో మోగింది, నా పేరూ కొంచెం మోగింది.

ఉన్నదానితో తృప్తిపడే గుణం నాకు లేదు. ఒక పికప్ ఇంత పలికితే రెండైతే ఇంకెంత దొడ్డుగా పలుకుతుందోనని ఎండాకాలంలో రెండోది చుట్టించాను. వడ్రంగి దగ్గర గిటారు చెక్కను తొలిపించి, మొదటిదాని పక్కన బిగించి, మైకాయన రెండింటినీ కలిపాడు. వాయించాను. దొడ్డు సంగతి దేవుడెరుగు, ఉన్న సప్పుడూ పోయింది. ముక్కు మూసుకుని మాట్లాడినట్టు సన్నగా, బోలుగా వచ్చింది.

"కొత్తది కరాబు కండె" అని తీర్పు చెప్పాడు మైకాయన.

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె చుట్టిన కండెకు అప్పటిదాకా ఎవరూ వంక పెట్టలేదు. "కరాబైతే ఒక్కదాన్నే పెట్టి చూడుండ్రి" అంది. చూశాం. ఒక్కటే ఉన్నప్పుడు కొత్తది పాతదానికంటే బాగా పలికింది. రెండూ కలిస్తేనే సన్నం. మైకాయన తల గోక్కుని వెళ్లిపోయాడు. నేను పాత పద్ధతికి పోదామనుకున్నాను. పెద్దమ్మ వదల్లేదు. రెండు రోజులు కూర మాడుతున్నా పట్టించుకోకుండా, "ఒక్కొక్కటి మంచిగున్నప్పుడు రెండు కలిస్తే ఎందుకు తక్కువైతది?" అని గొణుక్కుంది.

మూడోనాడు కండె చుట్టబోతూ రాట్నం ముందు ఆగిపోయి, నన్ను పిలిచింది.

"గీ తాడు చూడు."

రాట్నం చక్రం నుంచి కదురుకు ఒక నూలుతాడు ఉంటుంది. వానాకాలం చెమ్మకు అది బిగుసుకుంటుంది. ఎండలకు వదులై జారుతుంది. జారకుండా మధ్యలో ఒక మెలివేసి ఎక్కిస్తారు.

"మెలేస్తే కదురు ఎనుకకు తిరుగుతది బిడ్డా. పాతది వానల చుట్టిన. కొత్తది ఎండల చుట్టిన. ఒకటి ఇటు తిరిగింది, ఒకటి అటు తిరిగింది."

దారానికి అది లెక్కలోకి వచ్చే విషయం కాదు. ఎటు చుట్టినా నాడెలో నుంచి దారంగానే వస్తుంది. అందుకే ఇన్నేళ్ల పనిలో ఆమెకు పట్టింపు లేకపోయింది. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది ఆ తర్వాత ఆమె అన్న మాటకు. "ఒకటి గుంజుతాంటే ఒకటి నూకుతాంది. రెండిట్ల ఒక్కతీరుగున్న సప్పుడంత కొట్టుకపోయింది. తేడా ఉన్నదే మిగిలింది. గదే మనకు ఇనవడుతాంది." తర్వాత కొన్నేళ్లకు ఒక రేడియో పుస్తకంలో ఇదే విషయం మూడు పేజీల్లో చదివాను. పెద్దమ్మ చెప్పినంత బాగా అర్థం కాలేదు.

మైకాయన వచ్చి ఒక పికప్ వైర్లు రెండూ తారుమారు చేసి సీసంతో మాటు వేశాడు. గిటారు ఇల్లదిరేలా దొడ్డుగా పలికింది. నేను కేరింత కొట్టలేదు గాని కొట్టినంత పనిచేశాను. పెద్దమ్మ మాత్రం మగ్గం వైపు చూస్తోంది. పెద్దబాపు నేస్తూ తనలో తాను ఏదో తత్వం పాడుకుంటున్నాడు.

"మళ్ల ఎనుకటి లెక్క మార్చు."

"ఎందుకు పెద్దమ్మా?"

"జర మార్చు. చెప్త."

మైకాయన మార్చాక, నన్ను వాయించమని, కళ్లు మూసుకుని వింది. సన్నటి గిటారు పక్కన పెద్దబాపు పాట మాటమాటా తేటగా వినిపించింది. "గిట్లనే ఉండనీ" అంది.

ఆమె ఎందుకన్నదో నాకు తెలియక కాదు. దూది దుమ్ముకూ వయసుకూ పెద్దబాపు గొంతు పలచబడుతోంది. వెనక కూర్చున్నవాళ్లకు ముసలాయన పాట ఆనడం లేదని, పడుచువాణ్ని చూడాలని పార్టీలో మాట నడుస్తోంది. ఆ మాట చెవినపడ్డ రోజు నుంచి ఆయన మగ్గం దగ్గర కూడా తక్కువ పాడుతున్నాడు. పాట లేకపోతే ఆయన ఎట్లా ఉంటాడో పెద్దమ్మకు తెలుసు. తెలిసినా నేను ఒప్పుకోలేదు. సన్నం కోసమా నేను రెండో పికప్ చుట్టించుకున్నది? గునిసి గునిసి మళ్లీ దొడ్డుకు మార్పించుకున్నాను.

ఆ వారం తిరుమలగిరిలో పెళ్లి. ముహూర్తం తర్వాత పార్టీ మొదలైంది. నేను రెచ్చిపోయి వాయించాను. రెండో చరణంలో పెద్దబాపు ఆగిపోయాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పాట అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు. మరిచిపోయాడనుకున్నాను, పక్కవాళ్లతో అన్నాను కూడా. తిరుగు బస్సులో ఆయన నా భుజం తట్టి, "మంచిగ వాయించినవ్ బిడ్డా" అన్నాడు.

మర్నాడు పెద్దమ్మ నాకు అన్నం పెట్టి, తినేదాకా ఆగి అప్పుడు అడిగింది. "ఆయన పాట మరిచిండన్నవట?"

నేను కంచం ఎత్తబోయాను.

"ఆయన మరువడు. ఆయన గొంతు ఆయనకే ఇనవడలే. గట్లైతే ఎట్ల పాడుతడు?"

ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా నాతోనే ఉంది. గిటారు తెచ్చి ఆమె ముందు పెట్టాను. తీసేద్దామన్నాను. "ఎందుకు తీసుడు? రెండు తీర్లు ఉంటే కాదా?" అంది. మైకాయన పాడుబడ్డ రేడియోలోంచి తిప్పుడు స్విచ్ ఒకటి పీకి తెచ్చి బిగించాడు. ఒక దిక్కు తిప్పితే రెండు చుట్టలూ కలిసి నడుస్తాయి, ఇంకో దిక్కు తిప్పితే ఎదురు నడుస్తాయి. పెద్దమ్మకు చదువు రాదు. సన్నం దిక్కున ఒంటిపోగు, దొడ్డు దిక్కున నాలుగు పోగులు పేనిన దారం లక్కతో అతికించింది. చూడకుండా వేలితో తెలుసుకోవచ్చు.

"నీ ఒక్కనివే వాయించుకునేటప్పుడు దొడ్డు పెట్టుకో, ఎవరొద్దన్నరు. ఆయన పాడేటప్పుడు సన్నం."

ఆ తర్వాత పెద్దబాపు నాలుగేళ్లు పార్టీలో పాడాడు. పడుచువాళ్లు వచ్చారు, పోయారు. అదంతా నా గొప్ప అని కొందరన్నారు. కాదని చెప్పడానికి నాకు ఇదే మొదటి అవకాశం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నాకు బదిలీ అయ్యాక కూడా ఎప్పుడు వెళ్లినా ఆమె దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉండేది. చివరిసారి అడిగింది, "మూడో కండె పెడితే ఏమైతది బిడ్డా? ఇద్దరు ఇటు, ఒకడు అటు అయితే?" చూసి చెబుతానన్నాను. చూడలేదు.

పదోనాడు గిటారు తీసుకుని వెళ్లాను. మగ్గం మీద సగం నేసిన బట్ట అట్లాగే ఉంది. రాట్నం గోడకు జరిపి పెట్టారు. ఎండలు కదా, తాడు మెలివేసే ఉంది. మైకాయన చిన్న మైకుపెట్టె ఒకటి తెచ్చి ఆ పక్కనే పెట్టాడు. వచ్చినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయాక, పెద్దబాపు తన చోటులో కూర్చుని నన్ను రమ్మన్నాడు. ఆమెకు ఇష్టమైన తత్వం ఒకటి పాడతానన్నాడు.

నా వేలు అలవాటు కొద్దీ ఒంటిపోగు దిక్కుకు తిప్పింది. తీగ మీటాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"గది కాదు బిడ్డా. ఇయ్యాల దొడ్డు దిక్కు పెట్టు."

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"నా గొంతు నాకు ఇనవడొద్దు."

నాలుగు పోగుల దారం మీదికి తిప్పి వాయించడం మొదలుపెట్టాను. ఇల్లంతా గిటారే నిండింది. పెద్దబాపు రాట్నం వైపు తిరిగి పాడుతున్నాడు. ఒక్క మాట వినిపించలేదు. ఏ చరణంలో ఉన్నాడో ఆయన పెదవులు చూసి పట్టుకుంటూ, పాట అయ్యేదాకా వాయించాను.