మూడు కుట్లు పడిన ఫ్రెంచి పళ్లెం

ఇంట్లో ఉన్న పాత వస్తువు నకిలీదని తేలితే బాగుండునని కోరుకునే మనిషిని మొదటిసారి చూశాను. ఆవిడ మా సింహాద్రమ్మత్త, మలేషియాలోని బంటింగ్‌లో మా పక్కవీధి. వాళ్లమ్మ ఒకప్పుడు రబ్బరు ఎస్టేటు బంగళాలో వంట చేసేది. దొరసాని ఇచ్చిందంటూ నీలం అంచు పింగాణీ పళ్లెం ఒకటి ఇంటికి తెచ్చింది. ఎస్టేటులో అందరూ దొంగిలించిందన్నారు. ఈమధ్య దాని వెనక పెనవేసుకున్న రెండు 'ఎల్' అక్షరాలు చూసి, పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రాజుల పింగాణీ మీద ఇలాంటి గుర్తే ఉండేదని అత్తకు చెప్పాను. సంతోషిస్తుందనుకుంటే ముఖం వాడిపోయింది. అంత ఖరీదైనది వంటమనిషికి ఎవరిస్తారు?

తేల్చుకుందామని శనివారం ఉదయం ఎనిమిదింటికి క్లాంగ్ బస్సెక్కాం. టికెట్టు ఐదు రింగిట్ల లోపే, ప్రయాణం గంట పైనే. పళ్లేన్ని పాత చీరలో చుట్టి అత్త ఒళ్లో పెట్టుకుంది. ఏటా పెద్దలకు పెట్టే రోజున ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండుతో తోమి, అందులోనే నైవేద్యం పెడుతుంది. తను మాత్రం అందులో ఒక్కసారీ తినలేదట. ఒళ్లో ఏమిటని డ్రైవరు అడిగితే పళ్లెమంది. ఎవరిదంటే కిటికీ వైపు తిరిగింది.

పాత సామాను కొట్టు బస్టాండుకి పది నిమిషాల నడక. కొట్టు యజమాని, డెబ్బై ఏళ్ల చైనీయుడు, భూతద్దంతో చూసి అసలుదే కావచ్చన్నాడు. అత్త కుర్చీలో కూలబడింది. కాసేపటికి, ఆ గుర్తును నకిలీలు చేసేవాళ్లూ తెగ వాడుకున్నారన్నాడు. బంగారు పూత మిగిలుంటే చెప్పగలిగేవాడట, అది చింతపండుకు ఎప్పుడో పోయింది. మూడుసార్లు అడిగినా కావచ్చు, కాకపోవచ్చు అన్నాడే తప్ప తేల్చలేదు. నా బుర్ర వేడెక్కిపోయింది. అత్త మాత్రం పళ్లెం తిరగేసి, తను ఇన్నేళ్లూ శ్రద్ధగా తోమి మెరిపించిన మూడు ఇత్తడి ముక్కలు చూపించి, అదేం నగిషీయో అడగమంది. నగిషీ కాదు, విరిగిన పళ్లేన్ని కలపడానికి వేసిన కుట్లన్నాడాయన. పనితనాన్ని బట్టి ఈ దేశానికి రాకముందే వేయించి ఉంటారట.

అత్తకు తెలుగులో చెప్పాను. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి అంది:

"ఇరిగిపోయిందా? మరైతే ఇచ్చినట్టే లా. ఇరిగినదాన్ని మాయమ్మ ఏటికి దొంగిలిస్తాది?"

కుట్టించి మరీ సముద్రం దాటించారంటే ఎంత విలువైనదోనన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అది అసలుదో నకిలీదో, ఇచ్చినదో కాదో, నాకు ఇప్పటికీ అయోమయమే. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు పళ్లేన్ని తోమకుండా, ఉన్నదున్నట్టుగా మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో అత్త నాలుగు వడలు కొంది. పొట్లం విప్పి, చీర మడతలు తీసి, వడలు ఆ పళ్లెంలో పెట్టుకుంది. ఒకటి నా చేతికిచ్చి, మిగతా మూడూ తీరిగ్గా తింది.