అంగడి కన్నడం

పోయిన వారం నారాయణఖేడ్‌లో కొత్త డాక్టర్లకు ఒక శిక్షణ పెట్టారు. రోగి భాష రానప్పుడు మధ్యలో ఎవరిని నిలబెట్టుకోవాలి, వాళ్లతో ఎట్లా మాట్లాడించాలి అన్నది పాఠం. నేర్పే డాక్టరమ్మ నాకు ఫోన్ చేసి, "మీ అత్తగారి సంగతి మీరే వచ్చి చెప్పాలి" అంది.

మా అత్తమ్మది కర్ణాటక వైపు పల్లె. కన్నడం తప్ప మరో భాష ఎరగదు. అల్లుడి ఎదుట మాట్లాడటం ఆమె మర్యాదలో లేదు. నేను ఇంట్లోకొస్తే కొంగు ముక్కుదాకా దిగేది, రొట్టెల పళ్లెం గడప అవతలి నుంచే జరిగేది. కొన్నేళ్ల కింద మా ఇంటికొచ్చినప్పుడు, ఒకనాడు నడుము పట్టుకుని కూలబడింది. నా భార్య బడిలో పరీక్షల డ్యూటీలో ఉంది. నేనే ఆటోలో ఒక చిన్న దవాఖానకు తీసుకుపోయాను. నాకు కన్నడం వచ్చని ఎంత ధీమానో! కంగ్టి దగ్గరి సరిహద్దు అవతలి అంగళ్లలో, పశువుల సంతల్లో, ఎద్దులు బేరమాడి నేర్చుకున్న కన్నడం అది.

అప్పట్లో కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఈ డాక్టరమ్మే అక్కడుంది. నా వైపే చూస్తూ, "నెలసరి ఆగాక మళ్లీ రక్తం పోతోందా? అడగండి" అంది. నోరు తెరిచాను. ఆడవాళ్ల ఒంటి గురించి అంగడిలో నేను విన్న మాటలన్నీ తిట్లే. వాటితో అత్తమ్మను అడిగేదెట్లా? డాక్టరమ్మ నోట వచ్చిన రక్తమన్న మాట కన్నడంలోనూ దాదాపు అదే కదా, నేను అడగకముందే అత్తమ్మకు అర్థమైంది. గోడవైపు తిరిగి, "ఏనూ ఇల్లప్పా, ఏనూ ఇల్ల" అంది.

"ఏం లేదంటుంది" అన్నాను.

చీటీ రాయబోయిన డాక్టరమ్మ, అత్తమ్మ భుజాలు వణకడం చూసి కలం ఆపింది. "మీరు బయట కూర్చోండి. అల్లుడిని అడగమనడం నా తప్పు" అని, బీదర్ వైపు నుంచి వచ్చిన, కన్నడం తెలిసిన నర్సును పిలిచింది.

మధ్యన పరదా ఒక్కటే అడ్డం. అత్తమ్మ గొణుగుడు వెనకే నర్సు తెలుగు వినపడింది. "నాకు చానా దినాల నుంచి రక్తం పోతుంది. బిడ్డకు గూడ చెప్పలే. ఈడ అల్లుడు ఉండె, ఎట్ల చెప్పాలె?" ఇక కూర్చోలేకపోయాను. బస్ డిపో దాకా నడిచి, చాయ్ తీసుకుని, తాగకుండానే చల్లార్చాను.

గర్భసంచిలో రాచపుండు అని తేలింది. హైదరాబాదులో ఆపరేషనైంది, బతికింది. అప్పటినుంచి మా దగ్గరే ఉంటోంది. కొంగు ఇంకాస్త కిందికి దిగింది. నేనూ దగ్గకుండా ఏ గదిలోకీ అడుగు పెట్టలేదు.

శిక్షణకు పోయే ముందు, ఈ సంగతి అక్కడ చెప్పొచ్చా అని నా భార్యతో అడిగించాను. తలుపు వెనక నుంచి అత్తమ్మ ఏదో అంది. "చెప్పుమంటుంది. ఇంకో ఆడిదానికి గసొంటి గతి రావద్దంట" అని నా భార్య తెలుగు చేసింది. వెళ్లి చెప్పాను, తలదించుకునే. కుర్ర డాక్టర్లెవరూ నవ్వలేదు.

ఏళ్లు గడిస్తే సిగ్గు తగ్గుతుందంటారు. మా ఇద్దరికీ తగ్గలేదు. ఆ సిగ్గుతోనే ఒకే ఇంట్లో ఉండటం మాత్రం అలవాటైంది.